పట్టుపురుగుల పెంపకంలో సురక్షితమైన మల్బరీ కొమ్మల ఎంపిక

మనిషి నాలుగు గోడల మధ్య ఉంచి పెంచే ప్రాణికి తన చుట్టూ ఉండవలసిన వస్తువులను తానే ఎంచుకొనే అవకాశం లేదు. జంతు ప్రదర్శనశాలలో సరీసృపాల సంరక్షకులు పాము గూటిలో ఒక కొమ్మను అమర్చే ముందు అది ఏ చెట్టుదో, ఆ చెట్టుపై ఏ మందు చల్లారో, దాని బెరడు కింద పురుగు, బూజు ఉన్నాయేమో పరిశీలిస్తారు. కారణం స్పష్టం. అడవిలోని పాము తనకు నచ్చని కొమ్మను వదలి మరో కొమ్మకు పోగలదు. గూటిలోని పాముకు ఆ వెసులుబాటు లేదు. మన దేశపు పాములను ఇళ్ళలో పెంచడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అనుమతించదు కనుక ఈ జాగ్రత్త జంతు ప్రదర్శనశాలలకే పరిమితమైన విషయంగా తోచవచ్చు. కానీ ఇదే సమస్యను అంతకంటే తీవ్రంగా, ఏటా ఐదేసి పంటలలో, రోజుకు రెండు మూడు సార్లు ఎదుర్కొంటున్నవారు శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పట్టు రైతులు. వారు పెంపకపు గదిలోకి చేర్చే ప్రతి మల్బరీ కొమ్మా పట్టుపురుగుకు ఆహారం, ఆసరా, నివాసం కూడా.

పైగా ఒక ముఖ్యమైన భేదం ఉంది. పాము గూటికి తెచ్చిన కొమ్మను కడగవచ్చు, తోమవచ్చు, రోజుల తరబడి ఎండబెట్టవచ్చు. మల్బరీ కొమ్మను పచ్చిగా, కోసిన కొద్ది గంటలలోనే వేయాలి. గదిలోకి వచ్చిన తరువాత దానిని శుద్ధి చేసే మార్గం లేదు. కనుక కొమ్మ సురక్షితమా కాదా అన్నది గది గుమ్మం వద్ద గాక, తోటలోనే, కోతకు చాలా ముందుగానే తేలాలి. కొమ్మ రూపం ఆ విషయంలో కొంతవరకే సాక్ష్యం. కొమ్మ చరిత్రే అసలు సాక్ష్యం. ఈ సూత్రాన్ని క్షేత్రస్థాయిలో ఆచరించే విధానాన్ని వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

కొమ్మ మేపు పద్ధతిలో కొమ్మ స్థానం

పట్టుపురుగు, అనగా బాంబిక్స్ మోరి, గుడ్డు నుండి వెలువడింది మొదలు గూడు కట్టేవరకు నాలుగు సార్లు జ్వరానికి పోయి, ఐదు దశలు దాటుతుంది. మొదటి రెండు దశలను చాకీ దశలంటారు. అప్పుడు లేత ఆకును సన్నగా తరిగి వేస్తారు. మూడవ దశ నుండి కొమ్మలను ఆకులతో సహా పడకలపై పరచే పద్ధతి నేడు విస్తృతంగా అమలులో ఉంది. ఆకు కోత, పడక శుభ్రతలకు పట్టే కూలి ఖర్చు తగ్గడం, ఆకు ఎక్కువసేపు తాజాగా నిలవడం, పురుగులను చేతితో తాకే అవసరం తగ్గడం ఈ పద్ధతి ప్రయోజనాలు.

అయితే ఈ పద్ధతిలో పడకను తరచుగా తొలగించరు. ఒక మేతలో మిగిలిన కొమ్మలపైనే మరో మేత కొమ్మలను అడ్డంగా పరుస్తారు. ఈ విధంగా ఒకసారి లోనికి వచ్చిన కొమ్మ పంట చివరివరకు పడకలోనే ఉండిపోవచ్చు. ఆకు మేతలో కలుషితమైన ఆకు మరుసటి శుభ్రతతో బయటకు పోతుంది. కొమ్మ మేతలో అది పురుగుల కిందనే నిలుస్తుంది.

నష్టం పరిమాణాన్ని కూడా గమనించాలి. రైతులు వంద గుడ్లుగా వ్యవహరించే 100 రోగరహిత గుడ్ల సముదాయాల నుండి సుమారు 40,000 పురుగులు వస్తాయి. అవి మొత్తం మీద తినే దాదాపు టన్ను ఆకులో 80 శాతానికి పైగా ఐదవ దశలోని ఏడెనిమిది రోజులలోనే ఖర్చవుతుంది. చాకీ పురుగుల ధర, ఎరువులు, కూలి, విద్యుత్తు, నీరు అన్నీ అప్పటికే వెచ్చించి ఉంటారు. ఆ దశలో వేసిన ఒక్క మేత విషమైతే తిరిగి పెట్టుబడి పెట్టి నిలబెట్టుకొనే వ్యవధి ఉండదు. కనుక కొమ్మ ఎంపికలో జరిగే పొరపాటు మూల్యం ఒక మేత కాదు, ఒక పంట.

సహజమైనదల్లా సురక్షితం కాదు

రసాయనిక మందులు పట్టుపురుగుకు హానికరమన్న అవగాహన రైతులలో ఉంది. కానీ జీవ సంబంధమైన మందులు, కషాయాలు హాని చేయవన్న నమ్మకం కూడా అంతే బలంగా ఉంది. ఇది ప్రమాదకరమైన నమ్మకం. మనిషికి, పశువుకు, తేనెటీగకు హాని చేయని పదార్థం పట్టుపురుగుకు ప్రాణాంతకం కావచ్చు. పట్టుపురుగు కూడా గొంగళిపురుగే. గొంగళిపురుగులను చంపడానికి ఉద్దేశించిన ఏ మందైనా దానిని మినహాయించదు.

ఈ విషయంలో విజ్ఞానశాస్త్ర చరిత్ర ఆసక్తికరమైన సాక్ష్యాన్ని ఇస్తుంది. నేడు సేంద్రియ వ్యవసాయంలో విరివిగా వాడుతున్న బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాను 1901లో జపాన్ శాస్త్రవేత్త ఇషివాతా మొదట గుర్తించింది రోగంతో చనిపోతున్న పట్టుపురుగులలోనే. దశాబ్దం తరువాత జర్మనీలోని తురింజియాలో పిండి పురుగు నుండి బెర్లినర్ దానిని తిరిగి వేరుచేయడంతో ఆ పేరు వచ్చింది. మరో జీవ శిలీంద్ర నాశినిగా కాక, జీవ కీటకనాశినిగా ప్రసిద్ధమైన బవేరియా బాసియానా శిలీంద్రానికి ఇటలీకి చెందిన అగోస్టినో బాస్సీ పేరు పెట్టారు. పట్టుపురుగులకు సోకే సున్నపుకట్టు రోగానికి ఒక సూక్ష్మజీవి కారణమని 1835లో ఆయన నిరూపించాడు. జంతువులలో ఒక రోగానికి సూక్ష్మజీవి కారణమని తేల్చిన తొలి నిరూపణలలో అది ఒకటి. అనగా పొరుగు రైతు కంది చేనులో పచ్చపురుగుపై చల్లుతున్న ఈ రెండు జీవ మందులూ మౌలికంగా పట్టుపురుగు రోగకారకాలే.

కషాయాల విషయమూ ఇంతే. వేపలోని అజాడిరాక్టిన్ పురుగుకు మేతపై విముఖత కలిగిస్తుంది, జ్వరం నుండి లేవడాన్ని అడ్డుకుంటుంది. తెగుళ్ళ నివారణలో గొప్ప గుణమైన ఈ లక్షణమే పట్టు పెంపకంలో దోషం. ప్రకృతి సేద్యంలో వాడే అగ్నిఅస్త్రంలో వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు కూడా ఉంటుంది. పొగాకులోని నికోటిన్ అత్యల్ప పరిమాణంలోనే పట్టుపురుగును చంపగలదు. పొగాకు నమిలే వ్యక్తి చేతులు కడుక్కోకుండా కొమ్మలు పరచకూడదన్న నియమం అందుకే వచ్చింది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలలో ప్రకృతి సేద్యం విస్తరిస్తున్న ఈ కాలంలో, విస్తరణ శాస్త్రవేత్త ఒకే గ్రామంలో కషాయాలను ప్రోత్సహిస్తూ, మల్బరీ తోట గట్టున వాటిని వారించవలసి వస్తుంది. ఈ రెండు సలహాల మధ్య వైరుధ్యం లేదు. ఏ ప్రాణి పక్షాన ఆలోచిస్తున్నామన్నదే భేదం.

పొరుగు చేను నుండి వచ్చే ప్రమాదం

తన తోటలో ఏ మందూ చల్లని రైతు కూడా పంట నష్టపోవచ్చు. ఈ ప్రాంతంలో వేరుశనగ, కంది, మొక్కజొన్న, టమాట, మిరప చేల మధ్యనే మల్బరీ తోటలు ఉన్నాయి. మొక్కజొన్నపై కత్తెర పురుగుకు, వేరుశనగపై పొగాకు లద్దెపురుగుకు చల్లే ఇమామెక్టిన్ బెంజోయేట్, క్లోరాంట్రానిలిప్రోల్ వంటి మందులు గొంగళిపురుగులపై ప్రత్యేకంగా పనిచేసేవి. ఇమిడాక్లోప్రిడ్ వర్గపు మందులు, లామ్డా సైహలోత్రిన్ వంటి పైరిత్రాయిడ్లు కూడా పట్టుపురుగుకు తీవ్ర విషాలు. వీటి తుంపర గాలితో పాటు గట్టు దాటి వస్తుంది.

నైరుతి ఋతుపవన కాలంలో ఈ ప్రాంతపు గాలి ఎంత బలమైనదో రామగిరి కొండలపై నిలిచిన గాలిమరలే చెబుతాయి. ఆ నెలలలో గాలి ప్రధానంగా పడమర, నైరుతి దిశల నుండి వీస్తుంది. వేరుశనగపై మందు చల్లే ముమ్మర కాలం కూడా అదే. కనుక తోటకు పడమటి, నైరుతి గట్టులను ఆనుకొని ఉన్న వరుసలు ఎక్కువ ప్రమాదంలో ఉంటాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో ఆకుపై పడిన మందును కడిగివేసే వాన కోసం ఎదురుచూడటం నమ్మదగిన ఉపాయం కాదు. అంతర్వాహిక మందులైతే ఆకు లోపలికి ఇంకిపోతాయి కనుక వానకూ, కడుగుటకూ లొంగవు.

పెనుకొండ మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనా, మట్టి బాటల పక్కనా ఉన్న తోటలలో దుమ్ము మరొక సమస్య. దుమ్ము పట్టిన ఆకును పురుగులు సరిగా తినవు. అటువంటి అంచు వరుసల కొమ్మలను మేతకు వాడక, కత్తిరించి కంపోస్టుకు మళ్ళించడం మేలు.

మందు తోటలో గాక, మార్గమధ్యంలోనూ కొమ్మకు అంటవచ్చు. మందు కలిపిన వేరుశనగ విత్తనం నింపిన గోనె సంచులను తడిపి కొమ్మలపై కప్పడం, మందు డబ్బాలు తెచ్చిన బండిలోనే కొమ్మలను తరలించడం, కలుపు మందు చల్లిన పంపుతోనే తోటలో నీళ్ళు చల్లడం ఇందుకు ఉదాహరణలు. పట్టు పెంపకానికి వాడే గోనెలు, తాళ్ళు, కొడవళ్ళు, పంపులు వేరుగా ఉండాలి, వేరే రంగు గుర్తుతో ఉండాలి.

తోటలో మందు: ఏది, ఎప్పుడు

మల్బరీకి కూడా తెగుళ్ళు, పురుగులు తప్పవు. పిండినల్లి వల్ల కొనలు ముడుచుకొనే టుక్రా, ఆకుముడత పురుగు, తామర పురుగులు, బూడిద తెగులు, ఆకుమచ్చ తెగులు ఈ ప్రాంతంలో సాధారణం. టుక్రా సోకిన కొనలను తుంచి నాశనం చేయడం, ఎకరానికి 250 చొప్పున క్రిప్టోలేమస్ అక్షింతల పురుగులను విడుదల చేయడం వంటి పద్ధతులకే ప్రథమ స్థానం ఇవ్వాలి. విడుదల చేసిన తరువాత మందు చల్లితే ఆ మిత్రపురుగులు చనిపోతాయి.

మందు తప్పనిసరి అయినప్పుడు సమయమే ప్రధానం. కొమ్మ కత్తిరింపు తరువాత 55 నుండి 65 రోజులకు కోత వస్తుంది. పట్టు పరిశోధన సంస్థలు మల్బరీకి సిఫారసు చేసిన మందులను కత్తిరింపు అనంతరం మొదటి రెండు వారాలలోనే ముగిస్తే కోతకు 40 రోజులకు పైగా వ్యవధి దొరుకుతుంది. కోత దగ్గర పడిన తోటలో పురుగు కనిపిస్తే మందు చల్లక, సోకిన భాగాన్ని తుంచివేయాలి.

ఇక్కడ విస్తరణ సిబ్బంది సరిచేయవలసిన ఒక విషయం ఉంది. పాత కరపత్రాలలో, పాత శిక్షణ పుస్తకాలలో మల్బరీపై డైక్లోరోవాస్ చల్లమన్న సలహా ఇప్పటికీ కనిపిస్తుంది. వేగంగా విచ్ఛిన్నమయ్యే గుణం వల్ల ఒకప్పుడు దానికి ప్రాధాన్యం ఉండేది. 2018లో కేంద్ర ప్రభుత్వం జారీచేసిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుండి ఆ మందు వాడకం దేశంలో నిషిద్ధం. దాని స్థానంలో దుకాణంలో దొరికిన ఏదో ఒక మందును వాడితే వ్యవధి లెక్కలన్నీ తారుమారవుతాయి. డైక్లోరోవాస్‌కు చెప్పిన వ్యవధి మరో మందుకు వర్తించదు. క్లోరాంట్రానిలిప్రోల్ వంటి దీర్ఘకాలం నిలిచే మందులను మల్బరీ తోటలో ఏ సమయంలోనూ చల్లరాదు.

కంటితో చూసి ఎంచవలసిన లక్షణాలు

చరిత్ర తెలిసిన తోటలో కూడా ప్రతి కొమ్మా మేతకు తగదు. కోతవేళ ఈ అంశాలను పరిశీలించాలి.

మొదటిది ముదురుదనం. నాలుగవ, ఐదవ దశలకు 55 నుండి 65 రోజుల కొమ్మ తగినది. అంతకంటే ముదిరిన కొమ్మలో కింది ఆకులు గరుకుబారి, పసుపెక్కి, మేతగా వ్యర్థమవుతాయి. మరీ లేత కొమ్మలో నీరు అధికమై గదిలో తేమ పెరుగుతుంది.

రెండవది ఆరోగ్యం. బూడిద తెగులు, తుప్పు తెగులు సోకిన ఆకులలో పోషకాలు తగ్గుతాయి. పురుగు కొరికిన ఆకులు, రెట్టలతో మురికి అయిన ఆకులు అంతకంటే ప్రమాదకరం. తోటలో తిరిగే ఇతర గొంగళిపురుగులలోని రోగకారక క్రిములు వాటి రెట్టల ద్వారా పట్టుపురుగులకు సంక్రమించే అవకాశం ఉంది. అటువంటి కొనలను తోటలోనే తుంచివేయాలి.

మూడవది తడి. ఉదయపు మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందే కోత ముగించాలి. లేదా సాయంకాలం కోయాలి. తడి ఆకులు పడకలో తేమను పెంచి రోగాలకు దారితీస్తాయి. కోసిన కొమ్మలను నీడలో, నిలువుగా, వదులుగా నిలబెట్టి, శుభ్రమైన తడి గోనె కప్పాలి. గట్టిగా కుప్ప వేస్తే లోపల వేడి పుట్టి ఆకు కమిలిపోతుంది. చేయి పెట్టినప్పుడు వెచ్చగా తగిలిన కుప్పలోని ఆకును మేతకు వాడరాదు.

నాలుగవది కొమ్మ రూపం. అతి లావైన, వంకరలు తిరిగిన కొమ్మలు పడకను సమంగా పరచనీయవు. పురుగులు సందులలో దిగువకు జారి, ఆకు అందక, కింద పేరుకున్న రెట్టల తేమలో రోగగ్రస్తమవుతాయి. కొమ్మల మొదలు, కొన ఒకదాని పక్కన ఒకటి వచ్చేట్లు పరచితే మేత అన్నిచోట్లా సమంగా అందుతుంది.

పరీక్ష మేత, దాని పరిమితి

తోట చరిత్రపై సందేహం ఉన్నప్పుడు పురుగులనే పరీక్షాసాధనంగా వాడుకోవచ్చు. కోతకు రెండు మూడు రోజుల ముందు తోట నాలుగు మూలల నుండి, మధ్య నుండి, ముఖ్యంగా పొరుగు చేను వైపు వరుసల నుండి విడివిడిగా కొమ్మలు కోయాలి. ఒక్కొక్క చోటి కొమ్మను 50 పురుగులకు విడి తట్టలో, వీలైతే వేరే గదిలో వేయాలి. నమ్మకమైన ఆకు తినే మరో 50 పురుగులను పోలికకు ఉంచాలి. 24 నుండి 48 గంటలు గమనించాలి. పురుగులు మేత మానడం, తల పైకెత్తి ఊపడం, నోటి నుండి ద్రవం కక్కడం, దేహం కుంచించుకుపోవడం, చుట్టుకుపోవడం, పడక వదలి పాకడం విషానికి గుర్తులు. నికోటిన్ ప్రభావంలో రొమ్ము భాగం ఉబ్బి, గోధుమరంగు ద్రవం కక్కుతాయి. ఏ తట్టలో ఈ లక్షణాలు కనిపిస్తే ఆ వైపు వరుసలను మినహాయించాలి.

కానీ ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది; దానిని రైతుకు చెప్పకపోవడం పరీక్షే చేయకపోవడం కంటే ప్రమాదకరం. పైరిప్రాక్సిఫెన్ వంటి కీటక వృద్ధి నియంత్రకాలు పురుగును వెంటనే చంపవు. ఇవి పురుగులోని బాల్య హార్మోనును అనుకరిస్తాయి. పురుగు చక్కగా తింటుంది, బాగా పెరుగుతుంది, రైతు సంతోషిస్తాడు. గూడు కట్టవలసిన రోజు వస్తుంది. పురుగు పండదు, తింటూనే ఉంటుంది, చివరికి గూడు కట్టకుండానే లేదా పలుచని పొర అల్లి చనిపోతుంది. 1980ల చివర ఉత్తర ఇటలీలో పండ్ల తోటలపై చల్లిన ఫెనాక్సీకార్బ్ అనే ఇదే తరహా మందు మల్బరీ ఆకులకు సోకి, అక్కడి పట్టు పరిశ్రమను ఈ విధంగానే దెబ్బతీసింది. 48 గంటల పరీక్ష ఇటువంటి విషాన్ని పట్టుకోలేదు. దానిని పట్టుకోగలిగినది ఒక్కటే: చుట్టుపక్కల చేలలో ఏ మందు, ఏ తేదీన చల్లారన్న లిఖితపూర్వక సమాచారం.

ఆకు చాలనప్పుడు

చరిత్ర తెలియని కొమ్మ గదిలోకి వచ్చే సందర్భం తరచుగా ఒక్కటే. ఐదవ దశ నాలుగవ, ఐదవ రోజున సొంత తోటలో ఆకు అయిపోతుంది. పురుగులు ఆకలితో తలలెత్తి ఉంటాయి. రైతు పక్క ఊరిలో ఎవరి తోట ఉన్నా కొంటాడు. ఆ ఆత్రుతలో మందు సంగతి అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఈ స్థితిలో ఇవ్వవలసిన సలహా స్పష్టంగా ఉండాలి. ఆకు తగ్గితే గూడు బరువు తగ్గుతుంది, పొర పలుచనవుతుంది, హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో ధర తగ్గుతుంది. అయినా పంట చేతికి వస్తుంది. విషపు ఆకు వేస్తే అమ్మడానికి గూళ్ళే ఉండవు. కాబట్టి మందు తేదీ చెప్పలేని తోట నుండి ఎంత చవకగా దొరికినా కొమ్మలు కొనరాదు. ఉన్న ఆకునే మేతలుగా పంచి, పండిన పురుగులను వెంటవెంటనే చంద్రికలకు మార్చుకోవడం మేలు. శాశ్వత పరిష్కారం తోటలోని ఆకును అంచనా వేసి, దానికి తగినన్ని గుడ్లే పెట్టుకోవడం.

విషం సోకినట్లు తెలిసిన వెంటనే మేత నిలిపి, కిటికీలు తెరచి గాలి ఆడనిచ్చి, పురుగులను వల సాయంతో కొత్త పడకకు మార్చి, నమ్మకమైన తాజా ఆకు వేయాలి. కలుషితమైన కొమ్మలను గదికి దూరంగా పూడ్చాలి. స్వల్పంగా సోకిన పురుగులు కొన్ని కోలుకుంటాయి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

రోగ నివారణకు గదిని శుద్ధి చేయడం గురించి మనం రైతులకు చాలాకాలంగా చెబుతున్నాం. వారు ఆచరిస్తున్నారు కూడా. అదే శ్రద్ధ కొమ్మల చరిత్రపై పెట్టించడం ఇప్పటి అవసరం. ఇందుకు మూడు పనులు ఉపకరిస్తాయి.

ఒకటి, ప్రతి మల్బరీ తోటకు ఒక పేజీ చీటీ. కత్తిరింపు తేదీ, సొంత తోటలో చల్లిన మందు, తేదీ, నాలుగు గట్లలో ఉన్న పంటలు, అక్కడ చల్లిన మందులు, కోత తేదీ అందులో ఉండాలి. దానిని పెంపకపు గది తలుపుకు వేలాడదీయాలి. రెండు, గ్రామస్థాయి రైతు సేవా కేంద్రంలో మల్బరీ తోటల పటం. మందు కొనడానికి వచ్చిన రైతు చేను మల్బరీకి ఆనుకొని ఉంటే, గాలి లేని ఉదయం వేళ చల్లమనీ, ముందుగా పొరుగువారికి చెప్పమనీ అక్కడే సూచించవచ్చు. మూడు, పడమటి, నైరుతి గట్లపై అవిసె వంటి మొక్కలతో దట్టమైన అడ్డువరుస. అది తుంపరను పూర్తిగా ఆపకపోయినా తగ్గిస్తుంది. అంచున రెండు మూడు మల్బరీ వరుసలను మేతకు వాడక వదలివేస్తే రక్షణ మరింత పెరుగుతుంది.

హిందూపురం సమీపంలోని కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉండటం ఈ ప్రాంత రైతులకు పెద్ద అండ. అకారణంగా పురుగులు చనిపోయినా, గూడు కట్టకపోయినా నమూనాలతో సహా శాస్త్రవేత్తలను సంప్రదించే అలవాటును రైతులకు కలిగించాలి. చనిపోయిన పురుగులను మాత్రమే గాక, ఆనాడు వేసిన కొమ్మలను కూడా విడిగా సంచిలో కట్టి తీసుకువెళ్ళాలి. కొమ్మ లేకుండా కారణం తేలడం కష్టం.

ఒక మంచి ద్విసంతతి గూటిలో దాదాపు కిలోమీటరు పొడవైన పోగు ఉంటుంది. ధర్మవరం మగ్గంపై చీరగా మారేది అటువంటి పోగే. పురుగు ఆ పోగును అల్లడానికి కావలసిన బలమంతా కొన్ని రోజుల పాటు తన ముందు పరచిన కొమ్మల నుండే తీసుకుంటుంది. ఏ కొమ్మ తినాలో ఎంచుకొనే శక్తి దానికి లేదు. కనుక ఆ ఎంపిక బాధ్యత పూర్తిగా పెంచేవానిది, అతనికి సలహా ఇచ్చే మనది.